ఫెర్రెట్ ఎంపిక: రంగు, బొచ్చు, ఆడా మగా… దేనికి ఎంత విలువివ్వాలి?

ఒకే బోనులో, ముంగిసలా కనిపించే ఆరు ఫెర్రెట్ పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతుంటాయి. ఒకటి ముఖానికి ముసుగేసుకున్నట్టు ముదురు గోధుమ రంగులో ఉంటుంది. ఇంకొకటి మీగడ రంగు. మరొకటి తల మొత్తం తెల్లగా, ఒళ్లు బూడిద రంగులో, చిన్న పాండాలా ఉంటుంది. ఎక్కువమంది చెయ్యి ఆ తెల్ల తలదాని మీదికే పోతుంది. నాదీ అలాగే పోయింది.

"ఇది చాలా నెమ్మదస్తురాలు, చప్పుళ్లకు బెదరదు" అన్నాడు అమ్మిన మనిషి. తెచ్చిన మూడో రోజున వంటగట్టు మీద పళ్లేల దొంతర కూలింది. అప్పటికే ఇంట్లో ఉన్న ఫెర్రెట్ ఎగిరిపడి సోఫా కిందికి దూరింది. కొత్తది మాత్రం తలైనా ఎత్తకుండా పాదం నాక్కుంటూ కూర్చుంది. దానికి పుట్టు చెవుడు. ఏడేళ్లు నాతోనే బతికింది, ఒక్క రోజు కూడా దాన్ని తెచ్చుకున్నందుకు బాధపడలేదు. కానీ ఆ తెల్ల తలకీ ఆ చెవుడుకీ సంబంధం ఉంటుందని ముందే తెలిసుంటే మొదటి రోజు నుంచే దాన్ని వేరే పద్ధతిలో పెంచేదాన్ని. ఏ ఫెర్రెట్‌ను తెచ్చుకోవాలో తేల్చుకోలేక ఊగిసలాడుతున్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

## ముందు తూకం వేయాల్సినవి

ఫెర్రెట్ రూపంలో కొన్ని సంగతులు తెచ్చుకున్న రోజు ఎలా ఉన్నాయో చివరిదాకా అలాగే ఉంటాయి. ఆడా మగా, చెవి వినిపిస్తుందా లేదా, బొచ్చు పొడుగా పొట్టా అన్నవి ఈ కోవలోవి. మరికొన్ని రుతువును బట్టి, వయసును బట్టి మారిపోతాయి. రంగు, ముఖం మీది ముసుగు, బరువు, బొచ్చు ఒత్తు ఈ రెండో రకం. కొనేవాళ్లు మొదట అడిగేది మాత్రం మారిపోయేవాటి గురించే.

నేను చూసే వరస ఇది. ముందు కళ్లెదుట ఉన్న జంతువు ఆరోగ్యం. తరువాత ఆడా మగా. తరువాత వినికిడి. ఆ తరువాత బొచ్చు రకం, వయసు. రంగు అన్నిటికన్నా ఆఖరున. రంగంటే నాకు ఇష్టం లేక కాదు. పైవన్నీ తేలాక ఏ రంగును ఎంచుకున్నా నష్టం లేదు కాబట్టి.

ఇంకో మాట. మీరుండే చోట ఫెర్రెట్‌ను పెంచడానికి చట్టం ఒప్పుకుంటుందో లేదో, ఫెర్రెట్లను చూసిన అనుభవం ఉన్న పశువైద్యులు అందుబాటులో ఉన్నారో లేదో ముందే కనుక్కోండి. ఈ రెండూ కుదరకపోతే కింది పోలికలతో పని లేదు.

## ఏ రంగుదైనా ఫెర్రెట్ ఫెర్రెట్టే

తొలిసారి చూసినవాళ్లు చాలామంది ముంగిస అనుకుంటారు. పొడవాటి ఒళ్లు, పొట్టి కాళ్లు, కోసుగా ఉన్న మూతి చూస్తే ఆ పోలిక రావడం సహజం. కానీ ఫెర్రెట్ ముంగిస కుటుంబానిది కాదు. వీజెల్, నీటికుక్క ఉన్న కుటుంబం దానిది. యూరప్ అడవుల్లో తిరిగే పోల్‌క్యాట్ నుంచి మనుషులు దీన్ని రెండు వేల ఏళ్లకు పైగా మచ్చిక చేసుకుంటూ వచ్చారు. బొరియల్లోంచి కుందేళ్లను బయటికి తరమడమే దీని పాత ఉద్యోగం. ఒంటి తీరంతా ఆ ఉద్యోగానికి కుదిరినట్టే ఉంటుంది.

ముక్కు నుంచి తోక చివరిదాకా సుమారు 50 సెంటీమీటర్లు, అందులో తోక 13 సెంటీమీటర్ల వరకూ ఉంటుంది. వెన్నెముక ఎంత మెత్తగా వంగుతుందంటే, ఇరుకు గొట్టంలో ఎదురు తిరిగి అదే దారిన వెనక్కి వచ్చేస్తుంది. తల పట్టిన సందులో ఒళ్లంతా పడుతుంది. ప్రతి పాదానికీ అయిదేసి వేళ్లు. పిల్లిలా గోళ్లు లోపలికి ముడుచుకోలేదు కాబట్టి వాటిని తరచూ కత్తిరించాలి. పెద్దదానికి 34 పళ్లు, వాటిలో నాలుగు కోరపళ్లు; పై కోరలు పెదవి కిందనుంచి కొద్దిగా కనిపిస్తుంటాయి. కంటిపాప అడ్డంగా చీలినట్టు ఉంటుంది. దూరపు చూపు తక్కువ, మసక వెలుతురులో దగ్గరి చూపు బాగుంటుంది. ముక్కు, చెవి దానికి అసలు ఆధారం.

ఒంటికి చెమట పట్టి చల్లబడే ఏర్పాటు దీనికి సరిగా లేదు. అందుకే 15 నుంచి 21 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, 27 దాటితే ఇబ్బంది పడుతుంది, 30 దాటితే ప్రాణం మీదికి రావచ్చు. ఏ రంగుదైనా, ఏ బొచ్చుదైనా ఇది తప్పదు. వేడిని అదుపులో పెట్టలేని ఇంట్లో ఫెర్రెట్‌ను పెట్టవద్దని నా గట్టి మాట.

## మగదా, ఆడదా?

రూపంలో అన్నిటికన్నా పెద్ద తేడా ఇక్కడే ఉంది. మగదాన్ని హాబ్ అనీ ఆడదాన్ని జిల్ అనీ పిలుస్తారు. రెంటినీ పక్కపక్కన పడుకోబెడితే వేర్వేరు జాతులేమో అనిపించేంత తేడా ఉంటుంది. కింద ఆపరేషన్ అన్నచోటల్లా పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అని అర్థం.

| చూసే విషయం | హాబ్ | జిల్ |
|---|---|---|
| పెద్దయ్యాక బరువు | కిలో నుంచి రెండు కిలోలు | సుమారు 600 గ్రాముల నుంచి కిలో |
| తల, మూతి | వెడల్పు తల, నిండు బుగ్గలు, మందపాటి మెడ | సన్నటి తల, కోసు మూతి |
| ఆపరేషన్ లేకపోతే వాసన | జతకట్టే కాలంలో చాలా ఘాటు | తక్కువ, ఎదకు వచ్చినప్పుడు కాస్త పెరుగుతుంది |
| ఆపరేషన్ లేకపోతే ముప్పు | బొచ్చు జిడ్డుగా పసుపెక్కుతుంది, మగవాటితో పోట్లాట | ఎద ఆగక రక్తం తయారీ దెబ్బతిని ప్రాణాపాయం |
| ఇంట్లో జాగ్రత్త | బరువు తట్టుకునే ఊయల, వెడల్పు గొట్టాలు | చాలా సన్నటి సందులు కూడా మూసెయ్యాలి |

పిల్లలుగా ఉన్నప్పుడు తల చూసి తేల్చడం కష్టం. వెల్లకిలా పట్టుకుని పొట్ట చూడండి. మగదానికి మూత్రద్వారం పొట్ట మధ్యలో బొడ్డులా కనిపిస్తుంది. ఆడదానికి అది తోక కింద, మలద్వారానికి దగ్గరగా ఉంటుంది. అమ్మేవాళ్లు చెప్పిన మాట మీద ఉండిపోకుండా ఈ ఒక్క నిమిషం మీరే చూసుకోండి.

పట్టికలో ఒక గడి దగ్గర ఆగాలి. జిల్ ఎదకు వస్తే జతకట్టే దాకా ఆ ఎద దానంతట అది తగ్గడం కష్టం. అండం విడుదల కావడానికి జతకట్టడమే కారణం కావాలి దానికి. ఎద వారాల తరబడి సాగితే ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఎముకల్లోని మూలుగును దెబ్బతీస్తుంది, రక్తం తయారు కావడం ఆగిపోతుంది. చిగుళ్లు పాలిపోవడం, చర్మం మీద చిన్న చిన్న ఎర్రచుక్కలు రావడం దీని గుర్తులు. తోక కింద భాగం ఉబ్బి ఉండటం ఎదకు వచ్చిందనడానికి గుర్తు. కాబట్టి ఆడపిల్లను ఎంచుకుంటే ఆపరేషనో, చర్మం కింద పెట్టే హార్మోను ఇంప్లాంటో ఏదో ఒకటి వైద్యులతో ముందే మాట్లాడుకోవాలి. "తరువాత చూద్దాం" అనుకునే స్వభావం ఉన్నవాళ్లు జిల్ జోలికి పోవద్దు.

హాబ్ విషయానికొస్తే, ఆపరేషన్ చేయించిన మగది ఎక్కువగా మెత్తని స్వభావంతో, ఒళ్లో పడుకునే బరువైన బద్ధకస్తుడిగా తయారవుతుంది. కొన్నిచోట్ల అయిదారు వారాల వయసులోనే ఆపరేషన్ చేసి అమ్ముతారు. అలాంటి మగవాటికి ఆ వెడల్పు తల, ఆ మందపు మెడ పూర్తిగా రావు, సన్నగానే ఉండిపోతాయి. మరీ చిన్నప్పుడు చేసిన ఆపరేషన్‌కీ తరువాత వచ్చే అడ్రినల్ గ్రంథి (మూత్రపిండం దగ్గరుండే హార్మోను గ్రంథి) జబ్బుకీ సంబంధం ఉందని వైద్యులు చెబుతారు. అందుకే ఆపరేషన్ ఎప్పుడు జరిగిందో అడిగి తెలుసుకోండి.

వాసన గురించి ఒక అపోహ తీర్చాలి. తోక దగ్గరి గ్రంథులు తీసేస్తే వాసనే ఉండదని చాలామంది నమ్ముతారు. అవి భయపడినప్పుడు మాత్రమే ఒక్కసారి గుప్పుమనిపించి కాసేపటికి పోయే వాసన ఇస్తాయి. రోజూ ఉండే వాసన చర్మంలోని నూనె గ్రంథుల నుంచి వస్తుంది. దాన్ని తగ్గించేది హార్మోన్లను అదుపు చెయ్యడం, పక్కబట్టలు తరచూ ఉతకడం. ఊరికే స్నానాలు చేయిస్తే చర్మం ఎండిపోయి నూనె ఇంకా ఎక్కువ ఊరుతుంది. ఏ వాసనా గిట్టని ముక్కు ఉన్నవాళ్లకి ఏ ఫెర్రెట్టూ సరిపడదు. అది ముందే ఒప్పుకుంటే అటు జంతువుకీ ఇటు మనకీ మేలు.

## రంగులు: చూడముచ్చటే, కానీ ఎన్నాళ్లు?

ఫెర్రెట్ బొచ్చు రెండు పొరలు. పైన పొడుగ్గా, నిగనిగలాడే పైవెంట్రుకలు. కింద మెత్తటి, ఒత్తైన లోబొచ్చు. మనం రంగు అని పిలిచేది ముఖ్యంగా పైవెంట్రుకలది. చేత్తో బొచ్చు విడదీసి ఊదితే లోపలి లేత పొర కనిపిస్తుంది. రెండు పొరల మధ్య తేడా ఎంత ఉంటే ఒళ్లు అంత నీడలు నీడలుగా కనిపిస్తుంది.

| రంగు | పైవెంట్రుకలు | లోబొచ్చు | కళ్లు | ముక్కు |
|---|---|---|---|---|
| సేబుల్ | ముదురు గోధుమ | మీగడ, లేత పసుపు | ముదురు గోధుమ, నలుపు | గోధుమ లేదా గోధుమ అంచున్న గులాబి |
| బ్లాక్ సేబుల్ | నలుపుకు దగ్గర | తెలుపు, మీగడ | నలుపు | నల్లటి గోధుమ, మచ్చలు |
| చాక్లెట్ | పాలచాక్లెట్ రంగు | తెలుపు, మీగడ | గోధుమ | గులాబి, ఇటుక రంగు |
| సినమన్ | ఎర్రటి గోధుమ | తెలుపు, లేత బంగారు | ముదురు ఎరుపు | గులాబి, ఇటుక రంగు |
| షాంపేన్ | లేత తేనె రంగు | తెలుపు, మీగడ | ముదురు ఎరుపు | గులాబి |
| ఆల్బినో | తెలుపు, మీగడ | తెలుపు | ఎరుపు | గులాబి |
| నల్లకళ్ల తెలుపు | తెలుపు, మీగడ | తెలుపు | నలుపు లేదా ముదురు ఎరుపు | గులాబి |

సేబుల్ అన్నిటికన్నా మామూలుగా దొరికేది, అడవి పోల్‌క్యాట్ రూపానికి దగ్గరగా ఉండేది. "మామూలు రంగే కదా" అని పక్కన పెట్టేస్తుంటారు. నేను చూసినంతలో రుతువు మారినప్పుడల్లా కొత్తగా కనిపించేది ఇదే. శీతకాలంలో లోబొచ్చు ఒత్తుగా పెరిగి ఒళ్లంతా లేత రంగుకు తిరుగుతుంది, ముసుగు కళ్ల చుట్టూ చిన్నదైపోతుంది. ఎండాకాలంలో బొచ్చు పల్చబడి, నల్లబడి, ముసుగు మళ్లీ ముఖమంతా పరుచుకుంటుంది. ఏడాదికి రెండుసార్లు బొచ్చు రాలుస్తుంది. ఒక వసంతంలో మా సేబుల్‌ను దువ్వుతుంటే వీపు మీది చలికాలపు బొచ్చు కుచ్చులు కుచ్చులుగా ఊడొచ్చింది, కింద నిగనిగలాడుతూ వేరే జంతువు బయటపడింది.

పగటి వెలుగు ఎంతసేపు ఉంటుందన్నదాన్ని బట్టే ఈ మార్పులన్నీ. బరువు కూడా దానితోపాటే పెరిగి తగ్గుతుంది. చలికాలంలో బొద్దుగా ఉన్నది ఎండాకాలానికి చిక్కిపోయినట్టు కనిపించవచ్చు. ఆపరేషన్ చేయించని వాటిలో ఈ తేడా బాగా కొట్టొచ్చినట్టు ఉంటుంది.

వయసు కూడా రంగును తినేస్తుంది. మూడు నాలుగేళ్లకు చాలా ఫెర్రెట్లు పల్చబడతాయి. నల్లటి పైవెంట్రుకల మధ్య తెల్లవెంట్రుకలు సగానికి సగం కలిసినవాటిని రోన్ అంటారు, ఇవి ప్రతి బొచ్చు మార్పుకీ తెల్లబడుతూ పోయి కొన్ని చివరికి తెల్లదానిలాగే మిగులుతాయి. బూడిద రంగు నచ్చి ఎక్కువ ధర పెట్టి తెచ్చుకునేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి. పిల్లల విషయంలో ఇంకో చిక్కు: పుట్టినప్పుడు అన్నీ తెల్లటి నూగుతోనే ఉంటాయి, మూడు వారాల వయసుకు గానీ అసలు రంగు తేలదు.

పాయింట్ అనే రకాన్ని కొన్నిచోట్ల సయామీస్ అని కూడా అంటారు. ఒళ్లు లేతగా ఉండి కాళ్లు, తోక మాత్రం బాగా ముదురుగా ఉంటాయి, ముఖం మీది ముసుగు సన్నగా ఇంగ్లీషు వి అక్షరంలా దిగుతుంది. చూడ్డానికి చక్కగా ఉంటుంది, ప్రత్యేకంగా జాగ్రత్తలేవీ అక్కర్లేదు.

ఇక తెల్లవాటి గురించి. ఆల్బినో, నల్లకళ్ల తెలుపు చూపుకి ఒకటే. కానీ కళ్లలోకి చూడండి. ఆల్బినోలో రంగు తయారుచేసే దారే మూసుకుపోయింది కాబట్టి కళ్లు ఎర్రగా ఉంటాయి. వాటి చూపు మిగతావాటికన్నా కొంత తక్కువ, ఎండ వెలుగు ఇబ్బంది పెడుతుంది. ఆల్బినో అయినందువల్ల చెవుడు మాత్రం రాదు. నల్లకళ్ల తెలుపు కథ వేరు, దానికి తరువాతి భాగం చదవాలి. కుందేళ్ల వేటకు తెల్లవాటిని ఇష్టపడేవాళ్లు, పొదల్లో దూరంనుంచి ఇట్టే కనిపిస్తాయని. ఆ సుగుణం ఇంట్లో కూడా పనికొస్తుంది. రాత్రి సోఫా కింద సేబుల్‌ను వెతకడం కన్నా తెల్లదాన్ని వెతకడం తేలిక. దానికి మారుగా ఏ చిన్న మురికైనా, మగవాటిలో వచ్చే జిడ్డు పసుపైనా దాచలేరు.

## తెల్లగుర్తులు, వినికిడి

ఎంపికలో ఎక్కువసేపు ఆలోచించాల్సిన చోటు ఇది.

పాదాలు మాత్రం తెల్లగా ఉంటే మిట్ అంటారు. నుదుటి నుంచి తల మీదుగా మెడ వెనక దాకా తెల్లచార ఉంటే బ్లేజ్. తల, మెడ మొత్తం తెల్లగా ఉంటే పాండా. బ్లేజ్, పాండాలకు తరచుగా గొంతు కింద, మోకాళ్ల మీద, తోక కొసన కూడా తెలుపు ఉంటుంది. కొన్నిటికి తల కాస్త వెడల్పుగా, కళ్ల మధ్య దూరం ఎక్కువగా ఉంటుంది.

రంగునిచ్చే కణాలు చర్మానికే పరిమితం కావు. పిండం పెరిగేటప్పుడు అవి వెన్ను వైపు నుంచి ఒళ్లంతా పరుచుకుంటాయి, కొన్ని లోచెవికి కూడా చేరతాయి. లోచెవిలో శబ్దాన్ని పట్టే ఏర్పాటు బతికుండటానికి ఆ కణాలు అవసరం. అవి తలదాకా చేరకపోతే పైన బొచ్చు తెల్లబడుతుంది, లోపల చెవి వినికిడి కోల్పోతుంది. ఒళ్లంతా తెల్లబడి కళ్లలో మాత్రం రంగు మిగిలిన నల్లకళ్ల తెలుపుకూ ఇదే ముప్పు. మనుషుల్లో కనిపించే వార్డెన్‌బర్గ్ సిండ్రోమ్ లాంటిదే ఇది, ఫెర్రెట్ పెంపకందారులూ ఆ పేరే వాడతారు. 2014లో వెలువడిన ఒక పరిశీలనలో యూరప్‌లోని 152 పెంపుడు ఫెర్రెట్ల చెవులను పరీక్షిస్తే 44 వాటికి పుట్టు చెవుడు తేలింది. పాండా, బ్లేజ్ లాంటి తెల్లగుర్తులున్నవాటిలోనే అది చాలా ఎక్కువగా కనిపించింది.

తెల్లతల ఉన్న ప్రతిదీ చెవిటిది కాదు. ఒక చెవి మాత్రమే పనిచేసేవీ ఉంటాయి. వాటిని ఇంట్లో కనిపెట్టడం దాదాపు అసాధ్యం, మెదడుకు శబ్దం చేరుతుందో లేదో కొలిచే బేయర్ పరీక్షే తేల్చాలి. రెండు చెవులూ పనిచేయకపోతే మాత్రం ఇంట్లోనే అనుమానించవచ్చు. అది నిద్రపోతున్నప్పుడు, గాలి తగలకుండా, నేల అదరకుండా, వెనకనుంచి కీచుబొమ్మ నొక్కండి. మేలుకుని ఉన్నప్పుడు నీడ కనపడకుండా ఇంకోసారి. రెండు మూడు రోజులు వేర్వేరు శబ్దాలతో చూస్తే సంగతి తెలుస్తుంది. నాలుగైదు వారాలు నిండని పిల్లలతో ఈ ప్రయోగం వద్దు. వాటి చెవులు తెరుచుకునేదే సుమారు 32 రోజులకు.

చెవిటి ఫెర్రెట్‌తో బతకడం నేర్చుకోవచ్చు. నేను మా పాండాను ఎప్పుడూ ఒంటిమీద చెయ్యి వేసి లేపలేదు. అరచేతిని మూతికి ఒక అంగుళం దూరంలో ఉంచేదాన్ని. ముందు ముక్కుపుటాలు కదిలేవి, తరువాత మీసాలు, ఆ తరువాత ఒక కన్ను తెరుచుకునేది. అప్పుడు ఎత్తుకుంటే ఎన్నడూ కరవలేదు. పిలవాలంటే నేలమీద రెండుసార్లు పాదంతో తట్టేదాన్ని, లేదా లైటు ఆర్పి వేసేదాన్ని. ఒక కష్టం మాత్రం ఉంది. ఆటలో ఇంకో ఫెర్రెట్ నొప్పితో కీచుమన్నా దానికి వినపడదు, అందుకని పట్టు వదలదు. మిగతావాటితో ఆడేటప్పుడు మనిషి దగ్గరుండి విడదియ్యాలి.

అందుచేత చిన్నపిల్లలు గబుక్కున ఎత్తుకునే ఇంటికి, తలుపులు తరచూ తెరుచుకునే ఇంటికి పాండా, బ్లేజ్, నల్లకళ్ల తెలుపు వద్దు. ఓపికగా, ఒక్కరో ఇద్దరో పెద్దవాళ్లుండే ఇల్లైతే నిరభ్యంతరంగా తెచ్చుకోండి. వాటిని జతకట్టించి అదే గుర్తులతో పిల్లలు పుట్టించే ఆలోచన మాత్రం ఎవరూ పెట్టుకోవద్దు. చూసేవాళ్ల ముచ్చట కోసం వినికిడి లేని పిల్లల్ని పుట్టించడం నాకు ఏ కోణంలోనూ న్యాయంగా తోచదు.

## పొట్టి బొచ్చా, అంగోరానా?

మామూలు ఫెర్రెట్ బొచ్చు పొట్టిది, దానికి మన దువ్వెన పెద్దగా అక్కర్లేదు. అంగోరా అనే రకానికి పైవెంట్రుకలు పొడుగ్గా జీరాడుతుంటాయి, లోబొచ్చు పల్చగా ఉంటుంది. కొన్నిటికి ముక్కు దగ్గర ముడతలు, ముక్కుపుటాల దగ్గర అదనపు వెంట్రుకలు ఉంటాయి. తొలిచూపులో మనసు దోచేస్తుంది, నిజమే.

దానికి చెల్లించే మూల్యం రెండు చోట్ల ఉంటుంది. ఒకటి, బొచ్చు రాలే కాలంలో ఒళ్లు నాక్కుంటూ వెంట్రుకలు మింగుతుంది. ఫెర్రెట్ పేగు పొట్టిది, తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి పోవాలి. వెంట్రుకల ఉండ అడ్డుపడితే ఆపరేషన్ దాకా వెళుతుంది. పొట్టి బొచ్చువాటికీ ఈ ముప్పు ఉంది, పొడుగు బొచ్చుతో ఇంకా పెరుగుతుంది. రెండు, తల్లి అంగోరాలకు చాలాసార్లు పాలు చాలవు. పిల్లలను వేరే తల్లి దగ్గర పెంచాల్సి వస్తుంది. అంటే మీ చేతికొచ్చిన అందం వెనక ఇంకో తల్లి కష్టం ఉంటుంది. రోజూ దువ్వే ఓపిక ఉన్నవాళ్లకి తప్ప నేను అంగోరాను సిఫారసు చెయ్యను.

## పిల్లదా, పెద్దదా?

పిల్ల పుట్టినప్పుడు పది గ్రాముల అటూ ఇటూ. కళ్లు నాలుగైదు వారాలకు తెరుచుకుంటాయి. నాలుగు నెలలకల్లా దాదాపు పెద్ద సైజు వచ్చేస్తుంది. ఆ ఎదుగుదల కళ్లారా చూడటం ఒక వేడుక. కానీ ఆ నెలల్లోనే అది పళ్లతో లోకాన్ని తెలుసుకుంటుంది. కాటు ఎంత గట్టిగా వేయకూడదో మీరే నేర్పాలి.

రెండేళ్లు దాటిన ఫెర్రెట్‌ను తెచ్చుకుంటే దాని సైజు, స్వభావం, వినికిడి, వాసన అన్నీ కళ్లముందే ఉంటాయి. ఊహించాల్సింది తక్కువ. ఫెర్రెట్ ఆయుర్దాయం మామూలుగా అయిదు నుంచి ఎనిమిదేళ్లు, కాబట్టి కలిసి గడిపే కాలం తగ్గుతుంది. మూడేళ్లు దాటాక అడ్రినల్ జబ్బు, క్లోమగ్రంథిలో గడ్డలు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇదే మొదటి ఫెర్రెట్ అయితే నేను రెండేళ్లదాన్నే తీసుకోమంటాను. వయసు నమ్మకం లేకపోతే కోరపళ్లు చూడండి: చిన్నవాటికి తెల్లగా ఉంటాయి, వయసు పెరిగేకొద్దీ పసుపెక్కి కొసలు గాజులా పారదర్శకంగా అవుతాయి.

## చేతిలోకి తీసుకున్నాక

రంగుకు ముందు చూడాలన్నది ఇదే. వేళ్లతో బొచ్చు ఎదురు నిమరండి, తోక మొదలు నుంచి నడుము దాకా. రెండు వైపులా సమానంగా బొచ్చు పల్చబడి ఉంటే అడ్రినల్ జబ్బు అనుమానించాలి. ఆపరేషన్ అయిన ఆడదానికి తోక కింద ఉబ్బు ఉన్నా అదే అనుమానం. తోక ఒక్కటే బోసిపోయి, నల్లచుక్కలతో ఉంటే అది కేవలం చర్మరంధ్రాలు మూసుకుపోవడం కావచ్చు, వెంటనే బెంబేలెత్తనక్కర్లేదు, డాక్టరుకు చూపిస్తే చాలు.

చెవిలో ఎర్రటి గోధుమ రంగు గులిమి ఉండటం ఫెర్రెట్‌కు సహజం. నల్లగా, పొడిపొడిగా ఉండి అది చెవులు తెగ గోక్కుంటుంటే పురుగులు పట్టాయని అర్థం. గడ్డం కింద ఎర్రటి దద్దుర్లు, కళ్ల నుంచి ముక్కు నుంచి చీమిడి, గట్టిపడిన అరికాళ్లు ఒకచోట కనిపిస్తే ఆ గదిలోని ఏ ఫెర్రెట్‌నీ తాకకుండా వచ్చెయ్యండి. అవి డిస్టెంపర్ (కుక్కలకూ వచ్చే అంటు వైరస్ జబ్బు) లక్షణాలు, ఫెర్రెట్‌కు ఆ జబ్బు వస్తే బతకడం దాదాపు ఉండదు. టీకా ఎప్పుడు వేశారో కాగితం అడగండి.

కొత్తగా ఆపరేషన్ అయినదాని పొట్ట నీలంగా కనిపిస్తే మాత్రం కంగారు వద్దు. గొరిగిన చోట కొత్త వెంట్రుకలు చర్మం కింద సిద్ధమవుతుంటే ఆ నీలిరంగు కనిపిస్తుంది. మొదటిసారి చూసి దెబ్బ తగిలిందనుకుని అర్ధరాత్రి డాక్టరుకు ఫోన్ చేశాను. వారంలో ఆ నీలం మీద మెత్తటి బొచ్చు మొలిచింది.

## ఎవరి ఇంటికి ఏది

మొదటిసారి పెంచేవాళ్లకి: ఆపరేషన్ అయిన, పొట్టి బొచ్చున్న, రెండేళ్ల మగది. సేబుల్, చాక్లెట్, షాంపేన్ ఏదైనా పరవాలేదు. పెద్ద తల వల్ల సందుల్లోకి దూరడం కాస్త తక్కువ, పట్టుకోవడానికి చేతికి నిండుగా ఉంటుంది.

చిన్న పిల్లలున్న ఇంటికి: వినికిడి ఖాయంగా ఉన్నది, మనుషుల చేతులకు అలవాటుపడ్డ పెద్దది. తెల్లతలవి వద్దు. ఎత్తుకునేటప్పుడు ఛాతీ కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి ఉండాలని పిల్లలకు ముందు బొమ్మతో నేర్పండి.

చోటు తక్కువగా ఉండి, వాసన కూడా తక్కువ కావాలనుకునేవాళ్లకి: ఆపరేషన్ అయిన జిల్. వంటింటి అలమరా వెనక, వాషింగ్ మెషీన్ కింద, మంచం పెట్టె అడుగున ఉన్న ప్రతి సందునూ మూసిన తరువాతే ఇంటికి తీసుకురండి.

ఇంట్లో నిశ్శబ్దంగా ఎక్కువసేపు గడిపేవాళ్లకి, ఓపికగా ఒక జీవిని చదువుకోవాలనుకునేవాళ్లకి: పాండా గానీ బ్లేజ్ గానీ. ఇలాంటి ఇంటి కోసమే ఎదురుచూసే చెవిటివి ఎన్నో ఉంటాయి.

జంటగా తెచ్చుకునేవాళ్లకి: సైజులో మరీ తేడా లేనివి చూడండి. రెండు కిలోల హాబ్ ఆటగా మెడ పట్టి ఈడ్చినా 600 గ్రాముల జిల్‌కు అది ఆటగా ఉండదు. రెంటినీ తీసుకురాబోయే ముందు ఒక గంట ఒకే గదిలో వదిలి చూడనివ్వమని అడగండి. చిన్నది పెద్దదాని మీదికి మళ్లీ మళ్లీ తనంతట తనే వస్తుంటే ఆ జంట కుదిరినట్టే. మూలకు పోయి ఒళ్లు విల్లులా వంచి బుస కొడుతుంటే, ఆ రోజుకి ఒక్కదాన్నే తెచ్చుకోండి.